బోర్లా పడుకున్న కొండ

అక్కకి సంబంధం మాట్లాడుకోవడానికి మగపెళ్లివాళ్లు ఇంటికొచ్చిన రోజున పెళ్లికొడుకు వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా తల పైకెత్తలేదు. "ఎంత బుద్ధిమంతుడమ్మా! ఆడపిల్ల వైపు కన్నెత్తి కూడా చూడలేదు" అని పిన్ని మురిసిపోయింది. గుమ్మం పక్కన నిలబడ్డ తమ్ముడు మాత్రం అసలు సంగతి కనిపెట్టాడు. ఆయన చూస్తున్నది నేల మీది బండని. కుర్చీలోంచి వంగి, బొటనవేలితో దుమ్ము తుడిచి, ఆ బండలోని సన్నటి చారని తడుముతున్నాడు. వెళ్లబోతూ నాన్న దగ్గరికొచ్చి ఎంతో వినయంగా ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఈ బండలు ఏ గనిలోవండీ?"

నాన్న వంగి బండ వైపు చూశాడు. లోపలి గదిలో అక్క మాత్రం పడీ పడీ నవ్వింది. ఆ నవ్వులోనే పెళ్లికి ఒప్పేసుకుంది.

తమ్ముడికి అప్పటికే బస్టాండు వీధిలో ఫోటో స్టూడియో ఉంది. ముందు గదిలో నీలం తెర, గుండ్రటి స్టూలు, రెండు పెద్ద లైట్లు, వెనక చీకటి గది. కొత్త దంపతులు, బోసినవ్వుల పసివాళ్లు, ఉద్యోగాల దరఖాస్తుకి బిగుసుకుపోయి కూర్చునే కుర్రాళ్లు, వీళ్లే అతని బతుకుతెరువు. మనిషి ముఖం తప్ప లోకంలో ఇంకేదీ ఫోటోకి పనికిరాదని అతని నమ్మకం.

బావది గనుల శాఖలో ఉద్యోగం, భూగర్భ శాస్త్రవేత్త. ఊరివాళ్లకి అంత పొడుగు మాట నోరు తిరగక 'రాళ్లాయన' అని పిలిచేవాళ్లు. పుట్టింది, పెరిగింది ఆ ప్రాంతంలోనే. ఆయన తండ్రి కొండదారిలో బస్సు నడిపేవాడు. సెలవులొస్తే కొడుకుని డ్రైవరు సీటు పక్కన, ఇంజను మీది రేకు మూత మీద కూర్చోబెట్టుకునేవాడు. కాలుతున్న రేకు మీద అటూ ఇటూ జరుగుతూ ఆ పిల్లాడు చూసింది లోయని కాదు, రోడ్డు కోసం నరికిన కొండ గోడని. ఎరుపు, బూడిద, మళ్లీ ఎరుపు, చారలు చారలుగా గోడ వెనక్కి పోతుండేది. ఒక మలుపు దగ్గర ఆ చారలు ఉన్నట్టుండి వంగిపోయేవి.

"నాన్నా, అక్కడ గీతలు ఎందుకు వంగాయి?"

"మలుపు కదరా, అవీ తిరగాలిగా" అన్నాడు తండ్రి స్టీరింగు తిప్పుతూ.

ఆ జవాబు చాలక ఆ పిల్లాడు పెద్ద చదువులు చదివాడు. అందరికంటే ముందు నిలిచాడు. చమురు కంపెనీలు పిలిచాయి. ఆయన మాత్రం నీటి ఎద్దడికి భయపడి ఎవరూ కోరుకోని సొంత జిల్లాకే వేయించుకున్నాడు. అందుకు కారణం ఒక పాత పటం. ఏ నేల కింద ఏ రాయి ఉందో రంగుల్లో చూపించే ఆ పటంలో ఈ ప్రాంతం మొత్తానికీ ఎవరో ఒకే రంగు వేసి వదిలేశారు. "ఇంటిల్లిపాదినీ నిలబెట్టి ఫోటో తీసి, అందరి ముఖాలూ ఒకేలా పులిమేసినట్టుందిరా" అనేవాడు బావమరిదితో, సొంతవాళ్లకి అవమానం జరిగినట్టు. ఆఫీసు పని ఆఫీసుదే. సెలవు దొరికితే చాలు, ఆ పటాన్ని మళ్లీ సరిగ్గా గీయడానికి సుత్తి, దిక్సూచి, భూతద్దం, చిన్న సీసాలో ఆసిడ్ సంచిలో వేసుకుని స్కూటరెక్కేవాడు. రాయి మీద ఆసిడ్ చుక్క పడి బుసబుసా పొంగితే సున్నపురాయి. అదీ తేలకపోతే నాలుక చివరతో తాకి చూసేవాడు.

"కూరలో ఉప్పు తక్కువైనా తెలీదు ఈయనకి, రాయి రుచి మాత్రం చెప్తారు" అని అక్క వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ ఇంట్లో కిటికీ గట్ల మీద రాళ్లు, మంచం కింద రాళ్లు, చెప్పుల అరలో చెప్పుల కంటే ఎక్కువ రాళ్లు. ఒకసారి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన రాయిని పనిమనిషి బయట పారేస్తే, బావ చెత్తకుండీలో మోచేతుల దాకా దేవి తెచ్చుకున్నాడు.

పెళ్లయిన కొన్నేళ్లకి అక్క తమ్ముడి స్టూడియోకి ఆయాసపడుతూ వచ్చింది.

"ఒరేయ్, నువ్వైనా చెప్పరా. హెడ్డాఫీసులో పెద్ద కుర్చీ ఇస్తామంటే వద్దని రాసిచ్చారట. ఇది రెండోసారి! అక్కడైతే క్వార్టర్సు, ఇరవైనాలుగు గంటలూ కుళాయి నీళ్లు. ఇక్కడ నేను బిందెలు మోయలేక చస్తున్నాను. నా మాట గోడకి చెప్పినట్టే ఉంది."

"నాకు వదిలెయ్" అన్నాడు తమ్ముడు, పెద్దరికం నెత్తినేసుకుని.

ఆదివారం పొద్దున్నే బావ స్కూటరు వెనకెక్కాడు. అలవాటు కొద్దీ కెమెరా మెళ్లో వేసుకున్నాడు. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాడు. ఎక్కడ మెత్తగా మొదలుపెట్టాలి, ఎక్కడ గట్టిగా అడగాలి, అన్నీ సిద్ధం చేసుకున్నాడు. ఏరు కొండని కోసుకుంటూ పోయే చోట బావ స్కూటరు ఆపాడు. చెప్పులు చేత పట్టుకుని, మోకాలి లోతు నీళ్లు దాటి, అవతలి గోడ ముందుకి తీసుకెళ్లాడు.

"బావా, అక్క ఏమంటోందంటే..."

"నాకు తెలుసు. తర్వాత తిడుదువుగాని. ముందు చెప్పు, ఏం కనిపిస్తోంది?"

"రాళ్లు."

"ఎలా ఉన్నాయి?"

ఫోటోగ్రాఫరు విసుగ్గానే చూశాడు. కింద సగం నల్లటి పలకరాయి, అరలో పుస్తకాలు నిలబెట్టినట్టు నిట్టనిలువుగా ఉంది. పై సగం ఎర్రటి ఇసుకరాయి, పొర మీద పొర చదునుగా పరిచినట్టుంది. రెంటికీ మధ్య బెత్తెడు మందాన గులకరాళ్లు.

"కిందివి నిలబడి ఉన్నాయి. పైవి పడుకుని ఉన్నాయి" అన్నాడు.

బావ ముఖం వెలిగిపోయింది. "అంతేరా! అంతే! ఇప్పుడు నీ వేలు ఆ గులకరాళ్ల కింద పెట్టు. ఆ నల్లది సముద్రం అడుగున పేరుకున్న బురద. బురద ఎప్పుడైనా నిలబడి పేరుకుంటుందా? పడుకునే పేరుకుంటుంది. మరి దాన్ని నిలబెట్టింది ఎవరు? భూమి రెండు పక్కల నుంచీ నొక్కింది. బురద రాయై, రాయి మడతలు పడి, మడతలు పైకి లేచి పర్వతమైంది. మన గుట్టల్లాంటిది కాదు, మబ్బుల్లో తల దూర్చేంత పర్వతం. ఇక్కడే, మనం నిలబడ్డ చోటే. తర్వాత వాన పడింది, గాలి వీచింది. ఇసుక రేణువు తర్వాత రేణువుగా ఆ పర్వతం అరిగిపోయింది. మొదలంటా అరిగిపోయింది. చదునైన నేల మీదికి ఇంకో సముద్రం వచ్చింది. ముందు గులకరాళ్లు పరిచింది, వాటి మీద ఎర్ర ఇసుక. కింద ఒక సముద్రం, పైన ఇంకో సముద్రం. మధ్యలో ఒక పర్వతం పుట్టి, పెరిగి, నామరూపాల్లేకుండా పోయింది. ఎంత కాలం పట్టిందనుకున్నావ్? యాభై కోట్ల ఏళ్లు. తక్కువే చెప్పానేమో కూడా."

"మరి ఆ కాలమంతా ఎక్కడుంది?"

"నీ వేలి కింద."

చురుక్కుమన్నట్టు ఫోటోగ్రాఫరు వేలు వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ పెట్టాడు. చల్లగా, కాస్త గరుకుగా ఉంది, అంతే. తన తాత, తాతకి తాత, ఊళ్లో ఉన్న మనుషులు, ఇదివరకు ఉండి పోయినవాళ్లు, వాళ్ల పెళ్లిళ్లు, పోట్లాటలు, అన్నీ కలిపి పేర్చినా ఈ గీతలో గోరంత మందం కూడా రావు. వెనక ఏరు ఏ తొందరా లేకుండా పారుతోంది. అది కూడా అదే పని చేస్తోందని, ఎదురుగా ఉన్న కొండని రేణువు రేణువుగా మోసుకుపోతోందని అతనికి అప్పుడే తట్టింది. కాసేపటికి ఎవరో చెప్పినట్టు కెమెరా కంటికి ఆనించుకున్నాడు.

"ఉండు, పక్కన ఈ సుత్తి పెట్టు. లేకపోతే అదెంతుందో చూసేవాడికి తెలీదు" అన్నాడు బావ.

తిరిగొస్తూ స్కూటరు మీద, గాలి హోరులో వినపడేలా గట్టిగా అడిగాడు తమ్ముడు. "అయితే హెడ్డాఫీసు సంగతేంటి?"

"అక్కడ కిటికీలోంచి ఏం కనిపిస్తుందిరా? ఇంకో ఆఫీసు! ఇక్కడ నేను నడవని కొండలు ఇంకా ఎన్ని ఉన్నాయో."

ఇంటి దగ్గర అక్క వాకిట్లోనే కాచుకుని ఉంది. "చెప్పావా?"

"లేదు."

"మరి పొద్దంతా ఏం చేశావ్?"

"ఫోటోలు తీశాను."

అక్క ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "రోగం కుదర్చమని పంపిస్తే నువ్వూ అంటించుకొచ్చావన్నమాట" అని బిందె తీసుకుని లోపలికి పోయింది.

అంటుకున్న మాట నిజమే. ఆ తర్వాత ఆదివారాలన్నీ స్టూడియో మూసే ఉండేది. బావ చూపించినవన్నీ ఫోటోగ్రాఫరు నోరు వెళ్లబెట్టి చూశాడు. ఒక బండ మీద వాన చినుకుల గుంటలు ఉండేవి. ఏ చెట్టూ పుట్టకముందు, ఏ జంతువూ నేల మీద నడవకముందు, ఒక మధ్యాహ్నం చిన్న జల్లు పడి వెలిసింది. ఆ జల్లు తాలూకు గుంటలు అవి. ఇంకో చోట సముద్రపు ఒడ్డు ఇసుకలో కనిపించే అలల గుర్తులు అచ్చంగా రాతిలో ఉన్నాయి. "బాగా చూసి పెట్టుకో" అనేవాడు బావ. "ఈ అలల అడుగు గుండ్రంగా ఉంటుంది, కొస మొనదేలి ఉంటుంది. మొన ఎప్పుడూ ఆకాశం వైపే చూస్తుంది."

బావ పటం అచ్చయ్యేసరికి ఇద్దరి జుట్టూ నెరిసింది. ఒక్క రంగు పులిమిన చోట ఇరవైకి పైగా రంగులొచ్చాయి. శాఖ ఆఫీసు హాల్లో, కాలేజీ నడవాలో దానికి అద్దం కట్టించి పెట్టారు. బోర్లు వేసేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు, వంతెనలు కట్టే ఇంజనీర్లు దాని ముందు నిలబడి వేళ్లు పెట్టి చూసుకునేవాళ్లు. వేళ్ల మరకలు తుడవద్దని బావ బంట్రోతుకి చెప్పాడట. రిటైరయ్యాక కూడా నెలకోసారి వెళ్లి, ఎవరూ చూడకుండా ఆ మరకలు చూసుకొచ్చేవాడు.

అప్పటికి ఆయన మోకాళ్లు బాగా అరిగిపోయాయి. "కొండలే అరుగుతుంటే మోకాళ్లు ఎంత!" అని నవ్వేవాడు. ఆ రోజుల్లోనే ఊరికి పడమటి వైపున్న నల్లగట్టు గుండా కొత్త రోడ్డు వేయడం మొదలుపెట్టారు. యంత్రాలు కొండని నిలువునా కోశాయని తెలియగానే బావకి కాలు నిలవలేదు. ఈసారి స్కూటరు నడిపింది బావమరిది.

కొత్తగా కోసిన గోడ సబ్బు కడ్డీని తీగతో కోసినట్టు నున్నగా, తడిగా ఉంది. టిప్పర్లు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. బావ కర్ర పోటేసుకుంటూ గోడ వెంట నడిచాడు. ఒకచోట ఆగాడు. భూతద్దం తీశాడు, లోపల పెట్టేశాడు. వెనక్కి నాలుగడుగులు వేసి చూశాడు. మళ్లీ ముందుకెళ్లి, గోడ ఆ చివరి దాకా నడిచి వెనక్కొచ్చాడు. తర్వాత ఉన్నపళంగా ఆ దుమ్ములోనే చతికిలబడ్డాడు. భుజాలు అదురుతున్నాయి.

ఫోటోగ్రాఫరు పరుగెత్తుకెళ్లి నీళ్ల సీసా మూత తీశాడు. "బావా! ఏమైంది? నీళ్లు తాగండి. గుండెల్లో నొప్పా?"

బావ నవ్వుతున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"తప్పురా! మొత్తం తప్పు! అటు చూడు, ఆ అలల మొనలు ఎటున్నాయి?"

ఫోటోగ్రాఫరు చూశాడు. కోసిన గోడలో, ఒక పొర మీద ఒకటిగా, అలల వరసలు. ప్రతి మొనా నేల వైపుకి తిరిగి ఉంది.

"కిందికున్నాయి" అన్నాడు నెమ్మదిగా.

"కొండ బోర్లా పడుకుని ఉందిరా! నేను పైన ఉందన్నదల్లా అడుగు. అడుగన్నదల్లా పై పొర. ఇంత కొండని భూమి ఎత్తి తిరగేసి పడుకోబెట్టింది! ఇన్నేళ్లూ నా కళ్లెదురుగా బోర్లా పడుకుని, ఒక్క మాట అనలేదు చూశావా?"

ఫోటోగ్రాఫరుకి కాలేజీ నడవాలో అద్దం వెనకున్న పటం గుర్తొచ్చింది. ఒక మనిషి జీవితమంతా నడిచి వేసిన రంగులు. తనే అయితే ఈ గోడ చూడనట్టు ఇంటికి పోయేవాడేమో. ఈయన మాత్రం పోగొట్టుకున్న వస్తువు దొరికిన పిల్లాడిలా ఉన్నాడు. ఆ కొండని చూడాలో ఈ మనిషిని చూడాలో తేలక, కెమెరా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఇంటికెళ్లగానే బావ దుమ్ము చెప్పులతోనే మంచం దగ్గరికి పోయి, అక్క మడతపెట్టిన దుప్పటిని విప్పేశాడు. అక్క నోరు తెరిచేలోపే దాన్ని ఒక పక్క నుంచి తోశాడు. దుప్పటి మధ్యలో లేచి, వంగి, తన మీద తనే వాలిపోయింది.

"చూడు. దుప్పటికి పై వైపు పువ్వులున్నాయి కదా. వాలిన చోట పువ్వులు ఎటు చూస్తున్నాయి?"

"కిందికి" అంది అక్క. మడత ఎత్తి చూసి, "అంటే, మనం పైనుంచి చూసేది అడుగు వైపేనా? కొండ ఇలా అయిందా?" అంది.

"అయింది."

"ఎవరు తోశారు?" అని అడిగింది. వేళాకోళంగా అడగలేదు.

మర్నాడు బావ పాత ఆఫీసుకి వెళ్లి, తన కుర్చీలో ఉన్న కొత్త అధికారికి అంతా వివరించాడు. అతను మర్యాదస్థుడు. టీ తెప్పించి, ఇబ్బందిగా నవ్వాడు. "సార్, ఇప్పుడు ఎవరడిగారు? మీరు చెప్తే తప్ప అది తప్పని ఎవరికీ తెలీదు."

"నాకు తెలిసిపోయిందిగా, బాబూ" అన్నాడు బావ.

దాంతో నల్లగట్టుని మళ్లీ మొదటి నుంచి నడవడం మొదలైంది. ఒంటరిగా పంపేది లేదని అక్క పట్టుబట్టింది. ఒక ఆటోడ్రైవరుని మాట్లాడుకుని, క్యారేజీ, నీళ్ల సీసాలు, మోకాలి మందు పట్టుకుని ముగ్గురూ వెళ్లేవాళ్లు. మడత ఎక్కడ తిరిగిందో తేల్చాలంటే గట్టు పై కొసన ఉన్న బండలు చూడాలి. అక్కడా మొనలు కిందికే ఉంటే మడత ఇంకా అవతల ఉన్నట్టు. పైకి ఉంటే, ఈ గట్టులోనే తిరిగినట్టు. బావకి అంత ఎక్కే ఓపిక లేదు. బావమరిది పొట్ట అతన్ని సగం దూరం కూడా ఎక్కనివ్వలేదు.

"నేను వెళ్లి చూసొస్తాను" అంది అక్క.

"నీకేం తెలుస్తుందే అక్కా?"

"ఇన్నేళ్లూ ఆ ఇంట్లో రాళ్ల మీద దుమ్ము తుడిచింది ఎవరనుకున్నావ్? ఏ మొన ఎటుంటుందో నా చేతిలో గుడ్డకి కూడా తెలుసు" అని కర్ర పుచ్చుకుని బయల్దేరింది.

ముళ్లకంపల మధ్య ఆమె చిన్నదై, ఇంకా చిన్నదై, కొసన చుక్కలా మిగిలింది. కింద బావ కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, నిలబడ్డాడు. కాసేపటికి గొంతు గాలిలో తేలుతూ వచ్చింది.

"ఏమండీ! మొనలు పైకే ఉన్నాయి! అన్నీ పైకే!"

బావ కర్ర వదిలేసి చప్పట్లు కొట్టాడు. కానీ ఆమె ఎంతకీ దిగి రాలేదు. ఇక లాభం లేదని తమ్ముడే పడుతూ లేస్తూ ఎక్కాడు. అక్క ఒక వాలు బండ మీద కూర్చుని ఉంది. బండ నిండా అలలు, వరస వెనక వరస. వాటి మీద అరచెయ్యి ఆనించి, చంటిపిల్ల వీపు నిమిరినట్టు నిమురుతోంది.

"ఒరేయ్, ఇప్పుడే నీళ్లు వెనక్కి పోయినట్టుందిరా" అంది, గొంతు తగ్గించి. "తడి తగులుతుందేమో అనిపిస్తోంది." ఇంకో వరస నిమిరింది. తర్వాత అంది. "ఇలాంటివి చూసి ఇంటికొచ్చేవారు కదా ఈయన. నేనేమో కుళాయి నీళ్లు రాలేదని చెప్తే, అలాగా అని బిందె అందుకునేవారు. ఇదంతా కళ్లలో పెట్టుకుని మామూలు మనిషిలా ఎలా తిరిగారురా?"

తమ్ముడు ఫోటో తీశాడు. ఈసారి పక్కన సుత్తి పెట్టలేదు. అక్క చెయ్యి ఉంది కదా, చాలనుకున్నాడు.

కొత్త పటం అచ్చయింది. పడమటి అంచున రంగులు తారుమారయ్యాయి. దాని పక్కన అచ్చువేసిన ఫోటోలో అలల బండ మీది చెయ్యి ఎవరిదని కాలేజీ పిల్లలు అడుగుతుంటారని లెక్చరరు చెప్తే, అక్క సిగ్గుపడి వంటింట్లోకి పోయింది.

ఆ మరుసటేడు రాజధాని నుంచి ఒక యువ శాస్త్రవేత్త ఫోన్ చేసింది. ఎంతో సంకోచిస్తూ, "సార్, మీరు తప్పుగా అనుకోనంటే... మీ పటంలో తూర్పు వైపు కూడా నాకు ఒక అనుమానం ఉంది" అంది.

"ఎక్కడమ్మా? ఏ చోట?" బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఎప్పుడొస్తావ్? పొద్దున్నే బయల్దేరాలి, ఎండెక్కితే నడవలేం. నీళ్లు ఎక్కువ తెచ్చుకో. పడుకోవడానికి మా ఇంట్లో చోటుంది, కాస్త రాళ్లు జరపాలి అంతే."

ఆ అమ్మాయి వచ్చింది. నలుగురూ తూర్పు గుట్టలన్నీ తిరిగారు. ఆమె ఎక్కింది, దిగింది, కొలిచింది, తలకిందులుగా వేలాడి మరీ చూసింది. చివరికి చెమట తుడుచుకుంటూ వచ్చి, చేతులు జోడించినంత పని చేసింది.

"నాదే పొరపాటు సార్. మీరు వేసింది వేసినట్టే ఉంది. అంతా కరెక్టే."

"సరిగ్గానే ఉందా?" అన్నాడు బావ.

"ఉంది సార్."

"ఆ పక్క ఏటి వంపు దగ్గర కూడా చూశావా?"

"చూశాను సార్. అక్కడా అంతే."

"అలాగా" అని నిట్టూర్చి బావ బండ మీద కూర్చున్నాడు. ఆ ముఖం చూసి అక్క క్యారేజీ విప్పుతూ, "పోన్లెండి, ఉత్తరం వైపు ఎవరికైనా అనుమానం రాకపోతుందా" అంది.